రాతిపొడి మీద అనుమానంతో: నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు

నా ప్రయాణాలు మామూలుగా కొండలకో, గుళ్లకో ఉంటాయి. ఈసారి మాత్రం ఒక అమ్మాయి చెప్పింది అబద్ధమని తేల్చడానికి బయల్దేరాను. ఇలాంటి మాటతో ప్రయాణ కథనం మొదలుపెట్టడం బాగుండదని తెలుసు. కానీ అహోబిలం దర్శనానికి వెళ్లానని రాస్తే అది మరో అబద్ధం అవుతుంది, ఆ రెండు రోజుల్లో నేను ఆడినవి ఇప్పటికే చాలు.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో నా ఉద్యోగం. మేఘాల్లో మంచు పలుకులు ఎలా పెరుగుతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. అదీ మన మేఘాలు కాదు, ఉత్తర ధ్రువం వైపువి. వాటిలో ఒక వింత ఉంది. చలి సున్నాకు పది పదిహేను డిగ్రీల కిందికి పోయినా బొట్లు గడ్డకట్టకుండా నీళ్లుగానే తేలుతుంటాయి. వాటి పక్కనే మంచు పలుకులూ ఉంటాయి. తోడు వేయందే పాలు పెరుగు కానట్టు, ఆ బొట్టుకు కూడా ఏదో ఒక నలుసు తగిలితేనే గడ్డకడుతుంది. పలుకు ఒకటి పుట్టిందంటే చుట్టుపక్కల బొట్ల నుంచి ఆవిరి లాక్కుంటూ పెరిగి, బరువెక్కి రాలిపోతుంది. కాబట్టి గాలిలో తోడుకు పనికొచ్చే నలుసులు ఎన్నున్నాయో తెలిస్తే మేఘం ఎంతసేపు నిలుస్తుందో చెప్పొచ్చు. నా లెక్కలో మేఘం ఒక పూటకే ఖాళీ అవుతుంది. ఆకాశంలో అసలు మేఘం రోజుల తరబడి అలాగే నిలబడి ఉంటుంది. పదేళ్లుగా ఈ తేడాతోనే నా కుస్తీ.

షబానా నా దగ్గర నాలుగో ఏడు పీహెచ్‌డీ చేస్తోంది. ఊరు ఆళ్లగడ్డ. రకరకాల రాతిపొడులను నీటిబొట్లలో కలిపి, ఏ పొడితో ఎంత చలికి గడ్డకడుతుందో చూడటం ఆమె పని. ఆ అంకెలే నా లెక్కలోకి వస్తాయి. ఈమధ్య వాళ్ల ఊళ్లో విగ్రహాలు చెక్కే రాయి పొడి తెప్పించి పరీక్ష చేసింది. మామూలు రాతిపొడి సున్నాకింద పదిహేను దాటితేగానీ కదలదు. ఈ పొడి ఎనిమిదికే బొట్లన్నిటినీ గడ్డకట్టించిందని గ్రాఫు తెచ్చి నా బల్లమీద పెట్టింది. నాలుగుసార్లు చేశానని, నాలుగుసార్లూ అదే వచ్చిందని చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ అంకె నిజమైతే నా మేఘం పూట కాదు, గంట కూడా నిలవదు. నా అనుమానంలో సగం శాస్త్రం, సగం కడుపుమంట అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సోమవారం లోపల ఆమె పని మీద నేను కమిటీకి నివేదిక ఇవ్వాలి. అంకెలు నమ్మదగినవి కావని ఒక్క వాక్యం రాస్తే చాలు, నాలుగేళ్ల చదువు అక్కడితో సరి. రాసేముందు ఆ పొడి ఎక్కడిదో, అందులో ఎవరు ఏం కలిపారో కళ్లతో చూద్దామనుకుని, శుక్రవారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా నంద్యాల బస్సు ఎక్కాను. కర్నూలు మీదుగా ఆరున్నర గంటలు పట్టింది. బస్టాండుకు దగ్గర్లోనే లాడ్జి, గది తొమ్మిది వందలు. మంచి గదే. నేను మాత్రం గడియ మూడుసార్లు లాగి చూసి, అద్దం వెనక కూడా తొంగి చూశాను. లాడ్జి ఆయన మహానందికా అహోబిలానికా అని అడిగితే అహోబిలానికని చెప్పాను. యాత్రలో మొదటి అబద్ధం అదే.

శనివారం పొద్దున ఏడుకల్లా బస్టాండు ఎదురు సందులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. నంద్యాల వచ్చి ఇడ్లీ తిని పోయేవాళ్లను చూస్తే నాకు జాలి. ఉగ్గానిలో పుట్నాల పొడి పడాల్సినంత పడింది, బజ్జీ కారం చెవుల దాకా పోయింది. చెయ్యి కడుక్కుంటూ పక్కనున్న ఆటో ఆయన్ని ఆళ్లగడ్డకు ఎంత అడుగుతాడో చూద్దామని కదిపాను.

"బస్సుకు పోండి మేడమ్. ఆటోలో ఆడికి పోతే దుడ్లు దండగ, నడుం దండగ" అన్నాడు.

వచ్చిన బేరాన్ని వద్దనే ఆటో ఆయన్ని నా జన్మలో చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉందనుకుని ఇంకో ఇద్దర్ని అడిగాను. వాళ్లూ అదే మాట. అయినా నమ్మకం కుదరక విచారణ కౌంటర్‌కి వెళ్లి బస్సుల టైములు కనుక్కుంటే, అరగంటకొకటి ఉందని విసుక్కుంటూ చెప్పారు. మా అమ్మ బతికుంటే అనుమానం పెనుభూతం అని నెత్తిన మొట్టేది.

ఎనిమిదింపావు బస్సు దొరికింది. కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది. ఆంధ్రా చిరునామా ఉన్న ఆడవాళ్లకు టికెట్టు లేదు, నాది హైదరాబాదు కార్డు కాబట్టి డబ్బు ఇచ్చాను, వందలోపే. కడప వైపు పోయే ఈ రోడ్డు బాగుంది. సిరివెళ్ల దాటేదాకా ఎడమచేతి వైపు నల్లమల వెంటే వస్తుంది, కుడివైపు వరి, పత్తి, అక్కడక్కడా పసుపు మడులు. కిటికీ పక్క సీటు ఎడమవైపే పట్టండి. నేను పట్టాను గానీ కొండల్ని చూడలేదు. ఆళ్లగడ్డలో ఎవరిని ఏం అడగాలి, ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి అని గంటసేపు అదే లెక్కలో ఉన్నాను. షబానా వాళ్ల నాన్న ఉలులకు పదును పెడతాడని ఎప్పుడో మాటల్లో విన్నాను. తండ్రి రాళ్ల మధ్య, కూతురు రాతిపొడితో పరీక్ష. ఇంత కలిసిరావడమే నాకు అనుమానంగా ఉంది.

తొమ్మిదిన్నరకు దిగాను. విగ్రహాలు చెక్కే షెడ్లను వెతుక్కోనక్కర్లేదు, చప్పుడే దారి చూపిస్తుంది. రోడ్డు పక్కనే ముక్కు ఇంకా తేలని ఆంజనేయులు, నడుందాకా రాయిలోనే ఉన్న నందులు. ఇప్పుడు చాలా పని మిషన్ల మీద నడుస్తోంది. కోత మిషను ఆడినప్పుడల్లా తెల్లటి పొడి లేచి మనుషుల కనుబొమల మీద కూర్చుంటోంది. కళ్లు, ముఖం, వేళ్లు మాత్రం ఇంకా చేత్తోనే చెక్కుతారట. అందుకే షెడ్ల చివర ఒక చిన్న కొలిమి బతికి ఉంది. బొగ్గులు, చేత్తో తిప్పే ఫ్యాను, పాత నూనె డబ్బాలో నీళ్లు. దాని ముందు పీట మీద కూర్చున్న మనిషే దస్తగిరి, షబానా తండ్రి. కూతురి చెంపలే.

నేనెవరో చెప్పలేదు. ముగ్గులకు రాతిపొడి కావాలని వచ్చానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఈ పొడి ముగ్గుకు పనికిరాదు, గాలికి లేస్తుంది, సున్నపురాయి పిండి అంగట్లో దొరుకుతుంది పొమ్మన్నాడు. మాట కటువుగా ఉంది గానీ స్టూలు మాత్రం నా వైపు జరిపాడు. కూర్చుని ఆయన పని చూశాను. ఉలి మొన ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, కొస మాత్రం నీళ్లలో ముంచి తీస్తాడు. తీశాక మొన మీద రంగు పాకుతూ వస్తుంది. ఎండుగడ్డి రంగు దాటి నీలం రాకముందే మళ్లీ ముంచాలి, లేకపోతే ఉలి రాయి మీద వంగిపోతుందట. ఆ రంగును పట్టుకోవడం మా ప్రయోగశాలలో ఎందరికి చేతనవునో అనిపించింది.

ఈ పొడి కోసం ఇంకెవరైనా వస్తారా అని మెల్లగా అడిగాను. ఆయన ముఖం వెలిగింది. తన కూతురు హైదరాబాదులో మేఘాల చదువు చదువుతోందని, ఆ పాప అడిగితే పొడి పట్టి పంపానని చెప్పాడు. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. మిషను పొడి వద్దందట, ఉలి పొడే కావాలందట. కొత్త ప్లాస్టిక్ పట్ట పరిచి, రాయిని మూడుసార్లు కడిగి ఆరబెట్టి, పక్క షెడ్డు ఆచారితో చెక్కించాడట.

"ఏమీ కలపగూడదు నాయనా, నా చదువంతా దాంట్లోనే ఉండాది అని నూరుసార్లు చెప్పినాది మ్మా. మేం ఏం కలపలే. అల్లా సాక్షి."

ఒట్టు పెట్టేసరికి నాకు ఇంకా గట్టిగా అనుమానం వచ్చింది. అడగకుండానే ఒట్టెందుకు? పంపగా మిగిలిన పొడి ఏమైనా ఉందా, చూసి పోతానన్నాను. ఇంట్లో ఉందన్నాడు. కొలిమి వెనకే ఇల్లు. ఆయన కేకేస్తే భార్య ఖాసింబీ ఒక చేత్తో టీ, ఒక చేత్తో తెల్లటి గుడ్డసంచీ పట్టుకొచ్చింది. ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది సంచీ. ఇంతకాలం దీన్ని జొన్నల డ్రమ్ములో పెట్టి ఉంచానని ఆమే చెప్పింది. మూతి విప్పాను. పొడి మీద ఎండు వేపాకు ఒక పొర. వేలితో కదిపితే ఆకులు పెళపెళ విరిగి పొడిలో కలిసిపోయాయి. అడుగున కూడా పొడిలో ఆకు నుసి ఉంది, రాతిపొడి రంగులోకి తిరిగి చూడగానే కంటికి ఆనడం లేదు.

ఇదేమిటని అడిగాను.

"వేపాకు మ్మా. పురుగు పట్టకుండా" అంది ఖాసింబీ.

"రాతికి పురుగు పడుతుందా?"

"పాపకు పంపేదాకా రెండు నెలలు ఇంట్లోనే ఉండె. బిడ్డ చదువుకు పొయ్యే వస్తువు, ఎట్ల ఊరికే పెడతాం? జొన్నలకు పెట్టలే, మినువులకు పెట్టలే? అట్లనే దీనికీ పెట్టినా."

"ఏమీ కలపొద్దని చెప్పింది కదా మీ అమ్మాయి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "కలపడం ఏందీ? వేపాకు కాపలాకు పెట్టినా."

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎండుటాకుల మీద బతికే కొన్ని సూక్ష్మజీవులకు నీటిని కొద్ది చలికే గడ్డకట్టించే గుణం ఉంటుందని మా రంగంలో కొత్తగా చేరిన పిల్లలకు కూడా తెలుసు. ఈ వేపాకుల మీద అవి ఉన్నాయో లేవో పరీక్ష చేస్తేగానీ చెప్పలేను, కానీ ఎనిమిది డిగ్రీల సంగతి సగం తెలిసిపోయింది. షబానా తెప్పించుకున్న పొట్లంలో పైన ఆకులు తీసేసి ఉంటారు, నుసి మిగిలింది. ఆ పిల్ల చూసింది చూసినట్టే రాసింది. ఆమె అబద్ధం ఆడలేదు. ఈ సంతోషంలో నోరు జారాను. నేను మీ షబానాకు చదువులో గైడునని, తన అంకెలు తేడాగా ఉంటే కారణం వెతుక్కుంటూ వచ్చానని, మీ అమ్మాయి తప్పేమీ లేదని గబగబా చెప్పేశాను. చెబుతూనే, ఈ పొడి కొంచెం తీసుకుంటానని చేతిసంచీలోంచి మూతలున్న గాజు సీసాలు బయటికి తీశాను.

దస్తగిరి ఫ్యాను తిప్పడం ఆపాడు. సీసాల వైపు చూశాడు. వాటి మీద తేదీ, ఊరి పేరు ముందే రాసి అతికించి ఉన్నాయి.

"ముగ్గుకంటిరే మ్మా" అన్నాడు.

సీసాలు మళ్లీ సంచీలోకి తోయబోయాను.

"మా పాప దొంగ లెక్కలు రాసిందని వచ్చినారా?"

అవునన్నాను. అక్కడ ఇంకో అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. ఖాసింబీకి మా మాటల్లో ఒక్కటే అర్థమైంది. తన వల్ల పాప చదువు పోతుందా అని మూడుసార్లు అడిగింది. పోదని మూడుసార్లు చెప్పాను. పాలకు తోడు, బొట్టుకు నలుసు అని నాకు తెలిసినంత తేలిగ్గా వివరించాను. ఆమె తల ఊపింది గానీ నా ముఖం చూడలేదు.

దస్తగిరి లేచి పక్క షెడ్డులోంచి అరచేతంత రాతిముక్క తెచ్చాడు. నా ఎదుటే కడిగి, కొలిమి పక్కన ఆరబెట్టి, అప్పుడే పదును పెట్టిన ఉలి తీసుకున్నాడు. ఆ ఉలిని కూడా నాకు చూపించి తుడిచాడు. సీసా నన్నే పట్టుకోమన్నాడు. తన చెయ్యి గానీ, గుడ్డ గానీ పొడికి తగలకుండా, రాయిని నేరుగా సీసా మీద వంచి చెక్కాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఖాసింబీ గడప దగ్గరే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను తాగేసిన టీ గ్లాసు అందుకోవడానికి కూడా ఆ చేతులు ముందుకు రాలేదు.

"చూసుకున్నారు గదా. మీ కండ్ల ముందరే పట్టినా" అని సీసాకు మూత బిగించమన్నాడు. "ఒక్క ఫోను చేసి అడిగింటే వేపాకు సంగతి అప్పుడే చెప్పేవాళ్లం. మాకు దాచేదానికి ఏముండాది?"

పాత పొడి రెండు సీసాల్లోకి, కొత్త పొడి ఒక సీసాలోకి తీసుకుని పన్నెండుకు అక్కడి నుంచి బయటపడ్డాను. పొమ్మని ఎవరూ అనలేదు, అన్నం తిని పొమ్మని కూడా అనలేదు. ఆ ఊళ్లో ఆ మాట అనకపోవడం ఎంత పెద్ద సంగతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బస్టాండులో కూర్చుని షబానాకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అంతా విని, పొడిని నీళ్లలో మరిగించి మళ్లీ పరీక్ష చేద్దామని మూడు వారాల కిందటే అడిగానని గుర్తుచేసింది. అడిగింది, నిజం. ఆకు గుణమైతే మరిగిస్తే పోతుంది, రాతి గుణమైతే పోదు. ఒక గిన్నె, ఒక పొయ్యి, ఒక పూట పని. ఉన్న పొడి దండగ అవుతుందని నేనే కసిరాను. గడువు సాగదీయడానికి ఎత్తు వేస్తోందని లోపల అనుకున్నాను కూడా. పొడిని పరీక్షించడానికి బదులు పిల్లను పరీక్షించడానికి ఇంత దూరం వచ్చాను.

"అమ్మ ఇప్పుడే ఫోన్ చేసినాది మేడమ్" అంది షబానా. "ఇంగమీద నీకు పంపే కారంపొడి, పచ్చళ్లు నేను ముట్టొచ్చా అని అడుగుతాంది."

నన్ను క్షమించమన్నాను.

"నా అంకెల మీద డౌటుంటే నన్ను అడగాల్సింది మేడమ్. నేను జవాబు చెప్పేదాన్ని, లేదంటే తప్పు ఒప్పుకునేదాన్ని. అది నా పని. మా ఇంటికి పోయినారు చూడండి, ఆడ మాత్రం మీకేం పని లేదు." తర్వాత గొంతు తగ్గించి చెప్పింది, సోమవారం గైడును మార్చమని అర్జీ పెడతానని.

సోమవారం పొద్దున్నే తనే పరీక్షలు చేసింది, నేను దూరంగా కుర్చీలో కూర్చున్నాను. వేపనుసి ఉన్న పొడి మరిగించాక ఎనిమిది దగ్గర ఒక్క బొట్టునూ గడ్డకట్టించలేదు. దస్తగిరి నా ఎదుట చెక్కిన పొడి పదిహేను దాటాకే గడ్డకట్టించింది. మధ్యాహ్నానికి నా నివేదికలో ఆమె అంకెలు నిఖార్సైనవని, నమూనాలో తేడా ఎక్కడిదో కూడా తేలిందని రాసి పంపాను. సాయంత్రం ఆమె అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టాను. కారణం అని ఉన్నచోట ఆమె ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేసింది. నన్ను ఏ ఆఫీసులోనూ అల్లరి పెట్టకుండా వెళ్లిపోయింది. ఆ మంచితనం తిట్టుకంటే గట్టిగా తగిలింది.

అనుమానం శాస్త్రానికి ప్రాణమని ఇన్నేళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, రేపు మళ్లీ చెబుతాను. అయితే వస్తువు మీద అనుమానపడటం వేరు, మనిషి మీద పడటం వేరు. మొదటిది పరీక్ష చేస్తే తీరిపోతుంది, వస్తువు ఏమీ అనుకోదు. రెండోది తీరినా మనిషి దగ్గర మిగిలిపోతుంది. నా మేఘం లెక్క ఇంకా తేలలేదు, పూటకే ఖాళీ అవుతోంది. అది ఎప్పటికైనా తేలుతుందని నమ్మకం ఉంది. ఖాసింబీ మళ్లీ నాకు చేతికి టీ ఇస్తుందన్న నమ్మకం మాత్రం లేదు.

ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లకు ఒక సూచన. నంద్యాలలో ఎనిమిది లోపు బస్సెక్కితే ఎండ ముదరకముందే షెడ్లు తీరిగ్గా చూడొచ్చు, చేత్తో చెక్కే పని పొద్దుటి పూటే ఎక్కువ. లోపలికి అడుగు పెట్టగానే మీరెవరో, ఏ పని మీద వచ్చారో చెప్పండి. అక్కడివాళ్లు స్టూలు ముందే జరిపేస్తారు, మీరు చెప్పేదాకా ఆగరు.